సుబ్బరత్నం గొంతు, పొట్టెమ్మ అరచెయ్యి

దేవుడు సుబ్బరత్నానికి ఇవ్వాల్సినవి చాలా ఎగ్గొట్టాడు గానీ, గొంతు మాత్రం నలుగురికి సరిపడా ఇచ్చాడు. ఆమె తమ చేలో నిలబడి కూలీల్ని కేకేస్తే పక్క ఊరి కూలీలు కూడా దిగేవారని వాళ్ల ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లిచూపుల్లో ఆ గొంతు విని ఇద్దరు పెళ్లికొడుకులు కాఫీ సగంలో వదిలేసి లేచిపోయారట. మూడోసారి వచ్చిన మాస్టారుకి కాస్త చెవుడు. "అందుకే నా కాపురం నిలబడింది తల్లీ!" అని ఆమే అందరికీ చెప్పి పకపకా నవ్వేది.

కోస్తా నుంచి వలసొచ్చి జూలూరుపాడు దగ్గర మిరప, పత్తి వేసిన కుటుంబం వాళ్లది. పిల్లలు చేతికందాక ఊరికే కూర్చోబుద్ధి కాక, ఎనభైల నడుమ, కొత్తగూడెంలోని ఒక పిల్లల ఆశ్రమంలో ఉద్యోగానికి చేరింది. అడవి పల్లెల్లో మొగుడూ పెళ్లాల కొట్లాటల మధ్య నలిగిపోతున్న పిల్లల్ని తీసుకొచ్చి కాపాడటం, పెద్దవాళ్లకి నచ్చజెప్పి మళ్లీ ఇంటికి చేర్చడం ఆమె పని. కోయభాష ఒక్క ముక్క రాదు. రాకపోతేనేం, గట్టిగా చెబితే ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుందని ఆవిడగారి సిద్ధాంతం.

ఒక వేసవి మొదట్లో ఇప్పలగుంపు అనే కోయపల్లె నుంచి భీమయ్య అనే యువకుడు ఆశ్రమానికి వచ్చాడు. మణుగూరు వైపు ఎవరో కాంట్రాక్టరు దగ్గర పని చేసేవాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల, ముందుకు కట్టుకున్న చేతులు.

"నమస్తే మేడం. నా పెండ్లాం ముత్తక్క ఇల్లిడిచి పోయింది. ఊరి చివర గుడిసెల పిల్లల్ని పడేసి తిరుగుతాంది. పొద్దున పోయి చూడుండ్రి, పోరగాళ్లు ఒక్కళ్లే ఉంటరు. మీరే దయజూడాలె."

ఇంత మెత్తగా మాట్లాడే మగవాణ్ణి సుబ్బరత్నం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వాళ్లింటి మగవాళ్లు మంచినీళ్లడగడానికి కూడా ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. "అయ్యో నాయనా, బంగారంలాంటి మనిషివి! ఆ మహాతల్లికి ఏం పోయేకాలం వచ్చిందయ్యా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ముత్తక్కను కూడా ఒక మాట అడుగుదామని తోచలేదు. బంగారం దొరికాక గీటురాయి ఎందుకనుకుంది కాబోలు, తెలివిగలది!

మర్నాడు తెల్లవారుతుండగా జీపులో ఇప్పలగుంపులో దిగింది. ఊళ్లో పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. ఎక్కడ చూసినా తియ్యగా, మత్తుగా వాసన. "ఓరి భగవంతుడా, ఊరంతా తాగి ఏ పొదల్లో పడ్డారో!" అనుకుని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఊరి చివర చిన్న ఆకుల గుడిసెలో ఇద్దరు పిల్లలు చాప మీద కనిపించారు. ఆరేళ్ల పిల్ల, దాని పక్కన ఇంకా పాలు మరవని తమ్ముడు.

"ఎవరమ్మా లోపలా?" అంది సుబ్బరత్నం, ఆమె లెక్కలో గుసగుసగానే.

ఆడపిల్ల ఉలిక్కిపడి లేచి, ముందుగా తమ్ముడి నోటి మీద అరచెయ్యి అదిమిపెట్టింది. వాడు కిమ్మనలేదు. సుబ్బరత్నం మురిసిపోయింది. "ఎంత బుద్ధిమంతురాలివే బంగారూ! తమ్ముణ్ణి ఏడవనివ్వకుండా చూసుకుంటున్నావా?" అంటూ చెరో చంకనా వేసుకుని జీపెక్కించింది. ఆ పిల్ల పేరు పొట్టెమ్మ అని కూడా తర్వాతెప్పుడో తెలిసింది. దారి పొడవునా తను చేసిన ఘనకార్యానికి తనే ఉప్పొంగుతూ కూర్చుంది.

మధ్యాహ్నానికల్లా ముత్తక్క ఆశ్రమం గేటు దగ్గరికి వచ్చింది. కాళ్లకు దుమ్ము, చీర అంచుకు ముళ్లు.

"నా పిల్లల్ని ఇయ్యమ్మా. రాలిన ఇప్పపువ్వు ఏరను పోయిన. పొద్దెక్కితే పసులు తింటయ్. నిద్రల ఉన్న పోరగాళ్లను ఎట్ల ఏస్కపోను?"

"నీ మొగుడితో కలిసి రా. అప్పుడిస్తాం" అంది సుబ్బరత్నం నడుం మీద చేతులు పెట్టుకుని. ఆపైన కాపురం గురించి, తల్లి ధర్మం గురించి వీధి చివరిదాకా వినిపించేలా ఒక ఉపన్యాసం దంచింది.

"వానితోని రాను" అంది ముత్తక్క. అని గేటు పక్కన కూర్చుంది. ఆ రోజు వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు. పోనీలే పాపమని సుబ్బరత్నమే అన్నం పంపింది. ముత్తక్క ఎడంచేత్తో తినడం కిటికీలోంచి చూసి, "ఛీ ఛీ, ఏ చేత్తో తినాలో కూడా తెలీదు, ఇక పిల్లల్ని ఏం పెంచుతుంది!" అని మొహం చిట్లించింది.

ఆశ్రమం కార్యదర్శి వెంకటరామారావుకి ఈ సంగతి తెగ నచ్చింది. "తండ్రికి పిల్లల్ని అప్పగించేది ఒక సభలాగా పెడదాం రత్నమ్మగారూ. ఊళ్లో పెద్దల్ని పిలుద్దాం. మీరు మాట్లాడండి. కావాలంటే మైకు కిరాయికి తెప్పిస్తాను, మీకది దండగనుకోండి." సుబ్బరత్నం సిగ్గుపడినట్టు నటించి, వెంటనే పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చింది.

ఆదివారం పొద్దున సభ మొదలైంది. దండలు, కుర్చీలు, అవసరం లేని మైకు అన్నీ వచ్చాయి. గేటు బయట ముత్తక్క కమ్మీలు పట్టుకుని నిలబడింది. భీమయ్య అదే చొక్కాతో వేదిక ఎక్కి అందరికీ దండం పెట్టాడు. పిల్లల వైపు వంగి, వెన్నపూసలాంటి గొంతుతో, "రా బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు.

పొట్టెమ్మ తమ్ముడి నోటి మీద అరచెయ్యి అదిమిపెట్టింది.

సుబ్బరత్నం మళ్లీ మురిసిపోబోయింది. మురిసిపోబోతూ ఆగింది. పిల్లాడు ఏడవడం లేదు. ఆ రోజు గుడిసెలోనూ ఏడవలేదు. ఏడవని పిల్లాడి నోరు ఎందుకు మూస్తోందిది? పొట్టెమ్మ చూపు తండ్రి మొహం మీద లేదు, అతని కుడిచేతి మీద ఉంది. ఆ చెయ్యి ఎటు కదిలితే చూపూ అటు కదులుతోంది, తమ్ముడు నోరెత్తితే అది లేస్తుందన్నట్టు. సుబ్బరత్నం గేటు వైపు చూసింది. ముత్తక్క ఎడంచేత్తోనే కమ్మీని పట్టుకుంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాచి, వంకరగా వేలాడుతోంది. ఇన్నాళ్లూ అన్నం పంపి, ఆ తినే చేతినే వెక్కిరించిందే గానీ తినలేని చేతిని చూడలేదు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది సుబ్బరత్నం! నీ కళ్లలో కారం కొట్టా!" అని తనను తానే తిట్టుకుంది.  పిల్లల్ని ఇప్పుడు పంపితే ఆ చేతికిందికే పోతారు. ఆపుదామంటే ఆమె దగ్గర చట్టం లేదు, హోదా లేదు. ఉన్నదల్లా గొంతు.

"అయ్యో ముట్టుకోకండి! పిల్లలకి అమ్మవారు పోసేట్టుంది! ఒళ్లు కాలిపోతోంది!" అని అరిచింది. ముందున్న మైకు కూడా దానికి తోడయ్యేసరికి చెట్ల మీద కాకులు లేచిపోయాయి. పెద్దలు దండల్తో సహా గేటు దాటారు. వెంకటరామారావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, కొబ్బరికాయ చేతిలోనే ఉంచుకుని పరుగుతీశాడు. పిల్లల్ని పొదివి పట్టుకుని సుబ్బరత్నం ముత్తక్క దగ్గరికి, అక్కణ్ణుంచి ఆమెను వెంటబెట్టుకుని జీపు దగ్గరికి లగెత్తింది.

భీమయ్య అడ్డం వచ్చాడు. వెన్నపూస కరిగిపోయింది. "ఎవతివే నువ్వు? నా పిల్లల్ని యాడికి తీస్కపోతవ్?" అని చెయ్యెత్తాడు.

సుబ్బరత్నం అరుద్దామని నోరు తెరిచింది. ఇంత పెద్ద గొంతూ సమయానికి పిల్లి కూతంత కూడా పలకలేదు. ముత్తక్కే మధ్యలోకొచ్చి, "కొట్టు. అందరు చూస్తాండ్రు, కొట్టు" అంది. రోడ్డు మీద జనం ఆగిపోయారు. భీమయ్య చెయ్యి దించుకున్నాడు.

ఆ సాయంత్రం ఇప్పలగుంపులో పెద్దలు కూర్చున్నారు. ఊరిపెద్ద దూలయ్య భీమయ్యను పిలిపించాడు. భీమయ్య మళ్లీ మెత్తగా అందుకోబోతే దూలయ్య ఆపేశాడు. "నీ మాటకు మేడం పడ్డది గని మేం పడం. నువ్వు కొడుతున్నవనే గద ఆమెకు వాళ్లన్న గుడిసె ఏసిచ్చిండు. చిన్న పిల్లలు తల్లి తాననే ఉంటరు. నువ్వు ఆ గుడిసె గడప తొక్కొద్దు. ఊరంత కావలుంటది." ఊరందరికీ తెలిసిన సంగతే. తెలియందల్లా కొత్తగూడెం నుంచి జీపేసుకుని వచ్చిన మహాజ్ఞానికే.

తరువాత దూలయ్య ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు పిల్లల్ని ఎత్కపోయినవ్. తల్లి నీ గేటుకాడ కూసున్నది. ఆమె చెట్టుకింది పువ్వంత పసులపాలయింది. ఏడాదికి ఉప్పు, బట్ట ఆ పువ్వుతోనే ఎల్లాలె. మరేం జేద్దాం?"

సుబ్బరత్నం గబుక్కున సంచీలో చెయ్యి పెట్టింది.

"పైసలొద్దు. ఆమె చెయ్యి వంగదు, నీ చెయ్యి వంగుతది గద. పువ్వు రాలినన్నాళ్లు వచ్చి ఏరు."

"చెయ్యి వంగుతుంది గానీ నాయనా, నడుమే..." అనబోయి నోరు మూసుకుంది.

సెలవు పెట్టి ముత్తక్క గుడిసెలోనే చాప వేసుకుంది. ముందుగా ముత్తక్కను దవాఖానాకు తీసుకెళ్లి చేతికి కట్టు కట్టించింది. అమ్మవారు పోయలేదేమని వెంకటరామారావు కబురుపెడితే, "నా కేక విని ఆవిడ కూడా వెనక్కి పోయిందండీ" అని జవాబు పంపింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అప్పటికి ఆమెకే తెలియదు. పొద్దున్నే చీర ఎగ్గట్టి ఇప్పచెట్టు కింద వంగుతుంటే కోయ ఆడవాళ్లు తమ పువ్వు మానుకుని మరీ చూసేవాళ్లు. వంగడానికి ఒక మూలుగు, లేవడానికి రెండు. ఆమె ఒక గంప నింపేలోపు పక్క చెట్టామె రెండో గంప ఇంటికి మోసుకుపోయేది. తియ్యటి వాసనకి తాగుబోతుల్ని లెక్కేసిన తన ముక్కును తల్చుకుని, పువ్వు నోట్లో వేసుకున్నప్పుడల్లా ఒక మొట్టికాయ వేసుకునేది.

పొట్టెమ్మ మాత్రం దగ్గరికి వచ్చేది కాదు. తమ్ముణ్ణి చంకనేసుకుని దూరం నుంచే చూసేది. సుబ్బరత్నం దగ్గినా దాని చెయ్యి వాడి నోటి దగ్గరికి పోయేది. అది చూసినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది.

ఒక పొద్దున పిల్లాడు చంక దిగి, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, అంత కష్టపడి ఏరిన గంపను ఒక్క తోపుతో బోర్లించాడు.

"ఓరి నీ దుంపతెగ! నా నడుం విరిగిందిరా!" అని అరిచేసింది సుబ్బరత్నం.  చచ్చానురా దేవుడా అనుకుంది.

పొట్టెమ్మ పరుగెత్తుకొచ్చింది. చెయ్యి లేచింది. పిల్లాడేమో సుబ్బరత్నం మొహంలోకి చూసి, నోరంతా తెరిచి, ఆమె గొంతునే అనుకరిస్తూ, "ఓ...రీ!" అని అరిచి విరగబడి నవ్వాడు. పొట్టెమ్మ వాణ్ణి చూసింది. ఆమెను చూసింది. తర్వాత ఆ అరచేతిని తీసుకొచ్చి సుబ్బరత్నం నోటి మీద అదిమిపెట్టింది.

"లొల్లి చెయ్యకు" అంది.

ఇప్పపువ్వు జిగురుతో ఆ చెయ్యి తియ్యగా ఉంది. సుబ్బరత్నం కళ్లవెంట నీళ్లు జలజలా రాలాయి. ఆ పిల్ల తనంతట తాను చెయ్యి తీసేదాకా ఆమె కిక్కురుమనలేదు.