మిరప కళ్లంలో చెప్పిన కబురు

మైసూరులో, మాట రానివాళ్లకి మాట నేర్పే చదువుకి నాకు సీటొచ్చింది. మా ఇంట్లో బీఎస్సీ చదవబోతున్న మొదటి మనిషిని నేనే. ఆ సంతోషంతో పరుగున మిరప కళ్లంలోకెళ్లి నాన్నకి చెప్పాను.

"మాటలు నేర్పడానికీ కాలేజీయేంట్రా! ముందు ఆ రంగు పోయిన తాలుకాయలు ఏరు," అన్నాడు. కాయలేరేవాళ్లందరూ నవ్వారు.

ఓ మూల మేనత్త ఒక్కతే కాయలేరుతోంది. ఆవిడకి పుట్టుచెవుడు, పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. కళ్లంలో ఘాటుకి అందరం మూతికి గుడ్డ కట్టుకుంటాం కాబట్టి, కోతలు మొదలైతే ఆవిడకి ఎవరి మాటా అందదు. నేనూ ఆవిడ పక్కన కూర్చుని, గుడ్డతోనే సీటు సంగతి గబగబా చెప్పేశాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

అప్పుడు గుడ్డ లాగేసి, దగ్గుతూనే మళ్లీ చెప్పాను. నాతోపాటు ఆవిడ పెదాలూ కదిలాయి. అర్థమైనట్టు తలూపింది. అయినా ఇంకోసారి చెప్పమని సైగ చేసింది.