రాతిగోడ దగ్గర రామ్‌సామి భోజనం

కాకి వచ్చిందిగాని ముట్టలేదు. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో బిమల ఇంటి పెరట్లో రేకు కంచె మీద వాలింది. అరిటాకులో పెట్టిన పిండం వైపు మెడ వంచి చూసింది. పసిపిల్ల ఏడ్చినట్టు సాగదీసి అరిచి, పక్కింటి కప్పు మీదుగా వెళ్ళిపోయింది. బిమల భర్త రామ్‌సామి పోయి అది పదో రోజు.

కర్మ చేయించడానికి గిరావీన్ నుంచి వచ్చిన సత్యనారాయణ గారు వారమంతా ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాడు, శని ఆదివారాలు పౌరోహిత్యం చేస్తాడు. చాలాసేపు ఆకాశం వైపు చూసి, చేతి గడియారం వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడి కాకులకి అలవాటు లేదాంటీ. దర్భతో కాకిని చేసి ముట్టిద్దాం. శాస్త్రం ఒప్పుకుంటుంది."

"గడ్డికాకికి ఆకలేస్తాదా పంతులుగారూ?" అంది బిమల.

ఆయన దర్భపోచలు మెలిపెట్టి కాకిని చేశాడు. దర్భకాకి పిండాన్ని ముట్టింది. మిగతాది వాగులో కలిపారు. చుట్టాలు కార్లెక్కారు. బిమల మటుకు చీకటి పడేదాకా ఆ కంచె వైపే చూస్తూ కూచుంది. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో తీరలేదని అర్థం. రామ్‌సామికి తీరనిదేమిటో ఆమెకు తెలుసు. అతను ఆకలితో పోయాడు.

ఇద్దరూ ఫిజీలో పుట్టినవాళ్ళు. చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళినవాళ్ళ మనవలు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక సిడ్నీ చేరారు. వాళ్ళ తెలుగు అమ్మమ్మల దగ్గర నేర్చుకున్నది. బయట ఇంగ్లీషు, చుట్టాలతో ఫిజీ హిందీ, మొగుడూ పెళ్ళాల పోట్లాటలకు మాత్రం తెలుగు. బ్లాక్‌టౌన్ దాటి కొంతదూరం పోతే ఊరికి ఎడంగా ఒక విడిది ఇల్లు ఉంది. నగరంలో విసిగిపోయినవాళ్ళు వచ్చి నాలుగు రోజులు మౌనంగా ఉండి వెళ్తారు. అక్కడ రామ్‌సామి తోటమాలి, బిమల వంటమనిషి. ఇరవై ఏళ్ళు పైగా ఒకే కారులో వెళ్ళారు, ఒకే కారులో వచ్చారు.

ఆ విడిదికి పేరు తెచ్చింది ఒక గోడ. తోట చివర, యూకలిప్టస్ చెట్ల ముందు, దేన్నీ మోయకుండా, దేనికీ ఆనకుండా నిలబడి ఉంటుంది. ఇంగ్లాండు తూర్పున, బురదనేలల్లో, తొమ్మిది వందల ఏళ్ళ కిందట బెనెడిక్టిన్ అనే క్రైస్తవ సన్యాసులు కట్టుకున్న మఠంలో భోజనశాల గోడ అది. దానికి పొడుగాటి సన్నపు కిటికీలు, రంపపు పళ్ళలాంటి చెక్కడంతో ఒక గుండ్రటి గుమ్మం ఉన్నాయి. గోడ మందంలోనే తొలిచిన మెట్లు, వాటి పైన ఒక మనిషి నిలబడేంత గూడు. సన్యాసులు తింటున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. ఒక్కడు మాత్రం ఆ మెట్లెక్కి గూట్లో నిలబడి గ్రంథం చదవాలి. ఉప్పు కావాలన్నా, రొట్టె కావాలన్నా మిగతావాళ్ళు చేతి సైగలే. అలా వందల ఏళ్ళు ఎక్కీ దిగీ మెట్ల నడుములు గిన్నెల్లా గుంటలు పడ్డాయి.

తర్వాత ఒక రాజు మఠాలన్నీ మూయించాడు. రాజు మనుషులు కప్పు మీది సీసపు రేకులు ఊడదీసుకుపోయారు. వాన లోపలికి వచ్చింది. రైతులు రాళ్ళు బండ్లకెత్తి పందుల దొడ్లు కట్టుకున్నారు. ఈ ఒక్క గోడా పశువులకు గాలి తగలకుండా అడ్డుగా ఉందని వదిలేశారు. నూరేళ్ళ కిందట సిడ్నీ ఉన్ని వ్యాపారి ఒకడు దాన్ని చూసి మనసుపడ్డాడు. రాయి రాయికీ తెల్లరంగుతో నంబరు వేయించి, విప్పించి, ఓడలో తెప్పించి ఇక్కడ నిలబెట్టాడు. మేస్త్రీలు నక్షా ప్రకారం కిటికీలను దక్షిణానికే పెట్టారు. అక్కడ దక్షిణం నుంచి ఎండ వస్తుంది. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. దాంతో చలికాలమంతా ఆ ముఖాన ఎండ పడదు. వేసవిలో కూడా రాతి మీద చెయ్యి పెడితే బావిగట్టులా చల్లగా ఉంటుంది.

"గోడ తెచ్చుకున్నారు, సూర్యుణ్ణి మర్చిపోయారు," అని రామ్‌సామి సందర్శకులను నవ్వించేవాడు. ఇంట్లో బిమలతో మాత్రం ఇంకో మాట అనేవాడు. "మన తాతల కథే ఇది. నంబరేసి ఓడెక్కించారు. దించినచోట నిలబడ్డారు."

విడిదిలో కూడా మధ్యాహ్నం భోజనాల వేళ మాట్లాడకూడదు. బయటి నుంచి వంటింట్లోకి కేకేసే వీల్లేదు. రామ్‌సామి దానికో ఉపాయం కనిపెట్టాడు. గోడ దగ్గర నిలబడి ఈల వేసేవాడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, చివర కొంచెం పైకి లేస్తుంది. మేనేజరు అది ఏదో పిట్ట అనుకుని ఏళ్ళ తరబడి అతిథులకు చూపించబోయి వెతుక్కునేది. ఆ ఈల వినగానే బిమల, "వస్తున్నానయ్యా, ప్రాణం తియ్యకు," అని గొణుక్కుంటూ డబ్బా పట్టుకెళ్ళేది. అన్నం, పప్పు, టిన్ను చేపల కూర. అతను మెట్ల మీద కూచుని తినేవాడు.

పోయిన రోజు కూడా ఈల వేశాడు. ఆమె వస్తున్నానంది. వెళ్ళింది. మెట్టు మీద గోడకు ఆనుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. గుండె ఆగిపోయిందని తర్వాత చెప్పారు. డబ్బా మూత తియ్యనేలేదు.

కర్మ అయ్యాక బిమల మళ్ళీ పనికెళ్ళింది. ఇంట్లో కూచుంటే పిచ్చెక్కుతుందని కూతురు శాల్విన కూడా వెళ్ళమంది. మొదటిరోజు, వంటింటి కిటికీ దగ్గర గిన్నెల్లోకి పప్పు వడ్డిస్తుంటే ఈల వినపడింది.

ఒకటి పొట్టిది. ఒకటి పొడుగుది. చివర పైకి.

"వస్తున్నానయ్యా," అనేసింది. నోరు అలవాటుగా అనేసింది. హాల్లో మౌనంగా తింటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. గరిటెలో పప్పు చేతి మీద పడింది. అది కాలినట్టు కూడా ఆమెకు తెలియలేదు.

గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. గోడ కొమ్మున నలుపూ తెలుపూ కలిసిన పెద్ద పిట్ట ఒకటి, మాగ్‌పై, కూచుని ఉంది.

మర్నాడూ ఈల. ఆ మర్నాడూ. ఆమె వంటింట్లో ఉంటే వినపడుతుంది, గోడ దగ్గరికి పోతే ఆగిపోతుంది. ఎవరికి చెబుతుంది? రామ్‌సామి సందర్శకులకు చెప్పే కథ ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. మఠంలో ఒక సన్యాసి పోతే, నెల పాటు భోజనశాలలో అతని స్థానంలో అతని వంతు వడ్డించేవారట. ఆ తర్వాత దాన్ని గుమ్మం దగ్గరికొచ్చిన బీదవాడికి ఇచ్చేవారట. ఆ కథ చెప్పినప్పుడల్లా రామ్‌సామి ఇంటికొచ్చి, "చూశావా, తెల్లవాళ్ళకీ పెద్దలకి పెట్టడం ఉంది," అని మురిసిపోయేవాడు.

బిమల కూడా నెల పాటు పెట్టాలనుకుంది. రోజూ స్టీలు పళ్ళెంలో అన్నం, పప్పు, టిన్ను చేప పెట్టి, అతను కూచున్న మెట్టు మీద ఉంచి, గుమ్మం పక్కన నిలబడేది. ఇక్కడైనా కాకి వస్తుందేమోనని. సత్యనారాయణ గారికి ఫోన్ చేసి అడిగితే ఆయన కంగారుపడ్డాడు.

"పెద్దలకి పెట్టేదాంట్లో టిన్ ఫిష్ ఏంటాంటీ!"

"ఆయన తినేదే కదా పెట్టాల? మీరు తినేది పెడితే ఆయనకేటి?"

కాకులు దూరంగా చెట్ల మీద ఏడుస్తుండేవి. దిగేవి కావు. పళ్ళెం పెట్టగానే దిగేది ఆ నలుపు తెలుపు పిట్ట ఒక్కటే. ఎర్రటి కళ్ళతో, ఒక కాలు కొంచెం ఈడుస్తూ, అప్పులవాడిలా నేరుగా పళ్ళెం దగ్గరికి నడిచొచ్చేది. బిమల చీపురు ఎత్తేది.

"పో! నీకు కాదే ఇది. కాకికి. హుష్, పో!"

అది రెండడుగులు వెనక్కి ఎగిరి మళ్ళీ వచ్చేది. ఆమె మళ్ళీ తరిమేది. చివరికి పళ్ళెం అలాగే చల్లారిపోయేది. అలాగే తీసుకెళ్ళి పారబోసేది. వంటింట్లోకి అడుగుపెట్టగానే వెనక ఈల. ఇదివరకు అతను పిలిచినట్టే వినపడేది. ఇప్పుడు అడుక్కుంటున్నట్టు వినపడసాగింది. పెట్టినా తిననిదానికి ఎందుకు పిలుస్తున్నాడు? బిమలకు ముద్ద దిగడం మానేసింది. ఆ గోడ చల్లదనం ఒంట్లోకి వచ్చి కూచున్నట్టు, ఎండలో కూడా శాలువా కప్పుకునేది.

చలి వెనకబట్టి మాగ్‌పైలు గుడ్లు పెట్టే కాలం వచ్చింది. ఒకరోజు చీపురు ఎత్తగానే ఆ పిట్ట వెనకనుంచి దూసుకొచ్చి, చెవి పక్కన ముక్కు టక్కుమనిపించి, పాపిట్లో గీరింది. నెత్తురొచ్చింది.

ఆ శనివారం శాల్విన వెంట వచ్చింది. వెస్ట్‌మీడ్‌లో ఫిజియోథెరపిస్టు. తెలుగు అర్థమవుతుంది, జవాబు సగం ఇంగ్లీషులో వస్తుంది. తల్లి తల మీద గాయం చూసి కారు వెనక సీట్లోంచి తండ్రి పాత టోపీ తీసింది. వెడల్పు అంచు, చెమట మరకలు. బట్టలన్నీ ఇచ్చేసినా అది మాత్రం కారులోనే ఉండిపోయింది.

"వేర్ ఇట్, మమ్. స్వూపింగ్ సీజన్, తల మీదికి దూకుతాయి. ఐ మీన్ ఇట్."

"పోయినోళ్ళది పెట్టుకోకూడదే."

"కుట్లు వేయించుకుంటావా మరి?"

బిమల టోపీ పెట్టుకుంది. అంచు కళ్ళ మీదికి జారింది. పళ్ళెం మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగి, చీపురు పట్టుకుని నిలబడింది. పిట్ట గోడ మీంచి దిగింది. ఈసారి పళ్ళెం వైపు పోలేదు. గడ్డిలో కాలు ఈడ్చుకుంటూ నేరుగా ఆమె పాదాల దగ్గరికొచ్చి ఆగింది. తలెత్తి టోపీ వైపు చూసింది. గొంతు ఉబ్బించింది.

ఒకటి పొట్టిది. ఒకటి పొడుగుది. చివర పైకి.

బిమల చీపురు కింద పడేసింది. పళ్ళెం పక్కన మెట్టు మీద కూచుంది.

"నువ్వటే!" అంది.

"డాడ్ దానికి రోజూ ఫిష్ పెట్టేవాడు కదా," అంది శాల్విన. "ఫర్ ఇయర్స్. నీకు తెలీదా? మాగ్‌పైస్ కాపీ చేస్తాయి, మమ్. సైరన్లు, కుక్కలు, ఎనీథింగ్."

బిమలకు తెలీదు. డబ్బా ఖాళీగా వస్తే తన చేతివంటని మురిసిపోయేది.

"మరి కాకులెందుకు రావు?"

"హౌ విల్ దే? ఇది దీని ఏరియా. కాకి కనిపిస్తే చాలు, తరిమేస్తుంది."

అంటే ఈ గోడ దగ్గరికి కాకి ఎప్పటికీ రాదు. వచ్చేది ఇదొక్కటే. దాన్ని తను రోజూ చీపురు పట్టి తరిమింది. బిమల ఫోన్ తీసింది. అవతల సత్యనారాయణ గారు ఎవరి గృహప్రవేశంలోనో ఉన్నట్టున్నాడు. వెనక గంట, పిల్లల గోల.

"పంతులుగారూ, కాకంటే మొత్తం నల్లగానే ఉండాల?"

"అదేం ప్రశ్నాంటీ?"

"చెప్పండి బాబూ."

వెనక గంట చప్పుడు తగ్గింది. ఆయన గుమ్మం బయటికి వచ్చినట్టున్నాడు.

"మీ దగ్గరికొచ్చింది ఎంత నలుపుందాంటీ?"

బిమల పిట్టను పరీక్షగా చూసింది. "సగముంటాది."

"ముట్టిందా?"

"నేనే ముట్టనివ్వలేదు ఇన్నాళ్ళూ."

"ముట్టనివ్వండి," అన్నాడు మెల్లగా. "సగం చాలు."

బిమల పళ్ళెం ముందుకు జరిపింది. పిట్ట చేపముక్క ముందు ఏరుకుంది, తర్వాత అన్నంలో ముక్కు పెట్టింది. మెతుకులు రాతి మెట్టు మీద, వందల ఏళ్ళ పాదాలు చేసిన గుంటలో, చెల్లాచెదురుగా పడ్డాయి. అది వాటిని కూడా ఒక్కొక్కటీ ఏరుకుంది. బిమల రెప్ప వెయ్యకుండా చూసింది. శాల్విన అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు ఈల వినపడింది.

పిట్ట ముక్కు నిండా అన్నం ఉంది. ఈల గోడ అవతలి నుంచి వచ్చింది.

శాల్విన గోడ వైపు తిరిగింది. "ఇంకోటి ఉండుంటుంది. ఫ్యామిలీగా ఉంటాయి కదా, ఒకదాన్ని చూసి ఒకటి లెర్న్ చేస్తాయి." గుండ్రటి గుమ్మంలోంచి అవతలికి వెళ్ళి చూసింది. రాళ్ళ మీద చెరిగిపోతున్న తెల్ల నంబర్లు, గడ్డి, గోడ నీడ. చెట్ల దాకా వెళ్ళి చూసి వచ్చింది. తల అడ్డంగా ఊపింది.

బిమల లేచి చూడలేదు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా కూచుంది. టోపీ తీసి మెట్టు మీద పెట్టింది.

"తిన్నావు కదయ్యా," అంది గోడతో, మామూలు గొంతుతో.

పళ్ళెం తీసుకుని వంటింటి వైపు నడిచింది. సగం దూరం పోయాక వెనక ఈల మళ్ళీ వినపడింది. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. నోటిదాకా వచ్చిన "వస్తున్నానయ్యా"ని బిమల మింగేసింది. ఆగలేదు. భోజనాల వేళయింది. లోపల జనం మౌనంగా కూచుని ఎదురుచూస్తున్నారు.