ప్రాంప్టర్ గూట్లోంచి చూసిన వెల్టా

వెల్టా బ్రీడే చనిపోయి నెల దాటింది. ఒపేరా వాళ్ళు ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నారట, నన్నూ నాలుగు పేజీలు రాయమన్నారు. "మీకంటే దగ్గరగా ఆమెను చూసినవాళ్ళు ఎవరున్నారండీ?" అంది ఫోన్లో ఆ ఆఫీసావిడ. చూసిన మాట నిజమే. ముప్పై ఏళ్ళు చూశాను. వేదిక ముందంచున, పలకల కింద, ప్రాంప్టర్ గూట్లో కూర్చుని చూశాను. నా తల సరిగ్గా ఆమె చెప్పుల ఎత్తున ఉండేది. ఆమె గొంతు గురించి దేశమంతా చెబుతుంది, ఆమె మడమల గురించి మాత్రం నేనే చెప్పాలి.

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఆమె అంటే కుళ్ళు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. మంచి చాలానే ఉంది. అదే కదా నా ఏడుపు.

వెల్టాది రోయా అనే రేవు ఊరి పక్క సముద్రతీరం. తండ్రి చేపలకు పొగపెట్టే పని చేసేవాడు. రాజధాని రీగాలో సంగీత కళాశాలకు వచ్చిన రోజు ఆమె పెట్టె తెరిస్తే హాస్టలంతా పొగచేపల వాసన. నేను పట్నంలో పుట్టినదాన్ని. మా నాన్న మందుల షాపులో పనిచేసేవాడు, ఇంట్లో పియానో ఉండేది, ఎనిమిదో ఏటినుంచీ పాఠాలు. ఇటాలియన్, జర్మన్ చదవగలను. ఆమెకు స్వరాలు చూసి చదవడమే సరిగా రాదు.

"ఏమే, మీ ఊళ్ళో చేపలకి పాడి వినిపించేదానివా?" అన్నాను మొదటిరోజే, పదిమందిలో.

"అవునే. అవి చప్పట్లు కొట్టవు గానీ, మధ్యలో లేచి వెళ్ళిపోవు," అంది.

అందరూ పగలబడి నవ్వారు. జోకు నాది, నవ్వు ఆమెకు దక్కింది. అక్కడ మొదలైంది నా కడుపుమంట.

మా గురువు పౌలీనె గారు. మా ఇద్దరిదీ మెజ్జో, అంటే ఆడగొంతుల్లో కాస్త కిందగా, నిండుగా పలికేది. "ఇల్గా ఒక్క తప్పూ చెయ్యదు," అన్నారోసారి. నేను పొంగిపోయాను. ఆ పొంగు దిగకముందే, "వెల్టా తప్పు చేసినా దిద్దబుద్ధి కాదు," అన్నారు. ఆ సాయంత్రం నేను అన్నీ తప్పుల్లేకుండా ఇంకోసారి పాడుకుని, ఏడ్చి పడుకున్నాను.

చదువయ్యాక ఒపేరాలో మెజ్జోకి ఒక్కటే ఖాళీ. ఇద్దరం పాడాం. ఉద్యోగం ఆమెకిచ్చారు. నన్ను కోరస్‌లో వేశారు, రెండేళ్ళకు అక్కడినుంచీ లేపారు. "ఇల్గా గారూ, మీ జ్ఞాపకశక్తి బంగారమండీ. అది కోరస్‌లో వృథా అయిపోతోంది," అన్నారు అప్పట్లో వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ తాలివాల్దిస్ గారు. గొంతు ఊసే ఎత్తలేదు. అలా వెళ్ళి గూట్లో పడ్డాను.

ప్రాంప్టర్ పనేమిటంటే, పాడేవాళ్ళకు ప్రతి వరుసా, అంటే పాటలో ఒక్కో పంక్తి మాటలూ, ఒక ఊపిరి ముందుగా అందించడం. హాల్లో ఎవరికీ వినపడకూడదు, వేదిక మీద అందరికీ వినపడాలి. కొందరికి నా అవసరమే ఉండేది కాదు. వెల్టాకు మాత్రం ప్రతి వరుసకూ నేను కావాలి. గొంతు ఇచ్చిన దేవుడు బుర్ర ఇవ్వడం మర్చిపోయాడు. కళ్ళు నా మీదే పెట్టి పాడేది. 'దూరాన ఏదో లోకాన్ని చూసే ఆ చూపు' అని పత్రికల్లో మెచ్చుకుంటూ రాశారు. ఆ చూపు నా పెదాల మీద ఉండేదని ఎవరికి తెలుసు?

ఆట ముగిశాక పూలు. మూడు, అయిదు, ఏడు. సరిసంఖ్యలో పూలు మేము చావుకే ఇస్తాం కాబట్టి జనం లెక్కపెట్టుకుని మరీ తెచ్చేవారు. ఆ పూలన్నీ నా గూటి మీదుగా వెళ్ళి ఆమె చేతుల్లో పడేవి. రాలిన రేకులు నా పుస్తకం మీద పడేవి. దులుపుకునేదాన్ని.

పేరురోజుల సంగతి సరేసరి. మాలో పేరురోజుకు ఎవరూ ఎవరినీ పిలవరు. కాలెండర్లో మన పేరున్న రోజు కేకు చేసి, కాఫీ కాచి, తలుపు గడియ తీసి కూర్చోవాలి. గుర్తున్నవాళ్ళు వస్తారు. మనిషి విలువ ఎంతో కుర్చీలు చూస్తే తెలిసిపోతుంది. వెల్టా పేరురోజున జనం ఆమె రెండు గదులూ నిండి మెట్ల మీద నిలబడేవారు. ఒక ఏడు నా పేరురోజున సాయంత్రం దాకా వచ్చినవాళ్ళు ముగ్గురు. అప్పుడు వెల్టా వచ్చింది. ఆమె వచ్చిందని తెలిసి కిందింటివాళ్ళు వచ్చారు, పైఅంతస్తువాళ్ళు వచ్చారు, ఎన్నడూ పలకరించని ఎదురింటాయన టై కట్టుకుని మరీ వచ్చాడు. గంటలో నా ఇల్లు నిండిపోయింది, ఆమెను చూడ్డానికి.

"ఒక్క పాట పాడండి వెల్టా గారూ!" అన్నారు అందరూ.

"ఇవాళ ఇల్గా రోజండీ. ఇల్గా పాడాలి," అంది వెల్టా.

"ఇల్గా గారు గుసగుసలాడతారు గానీ పాడతారా?" అన్నాడు ఆ టై ఆయన.

నేను కాఫీ కలిపే వంకతో వంటింట్లోకి వెళ్ళాను. అందరూ వెళ్ళాక మా ఆయన గునార్స్ గిన్నెలు తుడుస్తూ, "ఎంత మంచిదే వెల్టా!" అన్నాడు. ఆయన ఒపేరాలోనే హార్న్ అనే ఇత్తడి బూర ఊదేవాడు.

"అయితే వెళ్ళి దాని గిన్నెలు తుడువు," అన్నాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నిజంగా మంచిదే. చెడ్డదైతే నాకు ఎంత హాయిగా ఉండేదో.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఆమెకు పెళ్ళి అచ్చిరాలేదు, పిల్లలు లేరు. పాటే ఆమె సంసారం. దేశం మారింది, జెండా మారింది, రూబుళ్ళు పోయి లాట్లు వచ్చాయి. అంతవరకూ ఏ దేశపు ఒపేరానైనా మా లాట్వియన్‌లోకి మార్చుకుని పాడేవాళ్ళం. ఇకమీదట ఇటలీది ఇటాలియన్‌లోనే పాడాలన్నారు. అప్పటికి వెల్టాకు యాభై నాలుగేళ్ళు. ఒక ఇటలీ ఒపేరాలో, కొడుకు కోసం ఒడ్డున దీపం పెట్టుకుని కూర్చునే తల్లి వేషం ఇరవై రెండేళ్ళుగా ఆమెదే, ఆ మాటలన్నీ ఆమె నోట్లో లాట్వియన్‌లో పాతుకుపోయి ఉన్నాయి. కొత్త కండక్టర్‌కు మొహమాటం లేదు. "వెల్టా గారూ, మొదటి ఆటలో ఎక్కడైనా ఆగిపోయారో, రెండో ఆటకి వేరే ఆవిడ సిద్ధంగా ఉంది," అని అందరి ముందే చెప్పేశాడు.

మర్నాడు వెల్టా పొగచేపల పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"ఒసే ఇల్గా, ఆ భాష నా బుర్రకెక్కట్లేదే."

"ఎక్కడానికి అక్కడ బుర్రంటూ ఉండాలిగా."

"అందుకేగా నీది అరువడగడానికొచ్చా. మొదటి రెండు ముక్కలు కాదే, ప్రతి లైనూ మొత్తం అందించు. ఈ వేషం పోతే నాకింకేం మిగలదే."

"నేను అందించకపోతే?"

ఆమె నవ్వేసింది. "అందించకపోవడమేంటే? నువ్వా?"

నా చేతిలో ఆమె బతుకంతా ఉంది, అయినా నేను చెయ్యి వదిలేస్తానేమోనన్న అనుమానం ఆమెకు రానే లేదు. వెనక్కి చూడకుండా కూర్చునేటప్పుడు కుర్చీని నమ్మినట్టు నమ్మింది నన్ను. ఆమె గొంతు కంటే, పూల కంటే, ఆ నమ్మకం నన్ను ఎక్కువ మండించింది. ఒక్క వరుస ఇవ్వకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఏ వరుసో కూడా ఎంచుకున్నాను.

ఆఖరి అంకంలో వాద్యాలన్నీ ఆగిపోతాయి. తల్లి ఒక్కతే, తోడు లేకుండా, 'దీపం ఆర్పలేదు నాయనా, ఇటు రా' అని పాడాలి. మొదటి ఆట రోజు అక్కడిదాకా అంతా నేను అందించాను, అంతా ఆమె పాడింది. ఆ వరుస వచ్చేసరికి నోరు మూసుకుని కుక్కిన పేనులా కూర్చున్నాను.

వెల్టా నా వైపు చూసింది. ఆమె మొహం తెల్లబోయింది. ముప్పై ఏళ్ళుగా నేను చూడాలనుకున్న మొహం అది. చూశాను. అబద్ధమెందుకు, ఆ క్షణం చాలా బాగుంది. కండక్టర్ కర్ర గాల్లో ఆగిపోయింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక సంగతి తోచింది. ఆ చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఉద్యోగం ఆమెకిచ్చిన నాటినుంచీ నేను కోరుకున్నది ఆ చోటే.

నా నోరు తెరుచుకుంది. ఆమెను కాపాడదామని కాదు. గుసగుస కాదది, పాట. అది కూడా లాట్వియన్‌లో, ఎందుకంటే ఇరవై రెండేళ్ళూ గూట్లో కూర్చుని నేను లోలోపల పాడుకున్నది అలాగే. వెల్టా పెదాలు వాటంతట అవే కదిలాయి, చెయ్యి దీపం వైపు లేచింది. ఒకే గురువు దిద్దిన గొంతులు, పాట వచ్చింది నేల కిందనుంచని ఎవరికీ తెలియలేదు. చిన్నప్పటినుంచీ విన్న మాటలు మళ్ళీ తమ భాషలో వినపడేసరికి హాల్లో ముసలివాళ్ళు ముక్కులు చీదడం నాకు వినిపించింది. తర్వాతి వరుస ఇటాలియన్‌లో అందించాను. ఆమె పాడింది. తెర దిగాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ఆ చప్పట్లతో వేషం ఆమెకే మిగిలింది. నాలుగో రోజు పత్రికలో రాశారు: 'శ్రీమతి బ్రీడే ఒక్క వరుసను మన భాషలో పాడారు. ఆమె గొంతులో ఇంతకుముందెన్నడూ వినని ఆర్తి అందులో వినిపించింది. ఇన్నేళ్ళ ఆమె పాట ఒక ఎత్తు, ఆ ఒక్క వరుస ఒక ఎత్తు.'

ఆ పత్రిక పట్టుకుని వెల్టా మా వంటింట్లోకి వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"చదివావా?"

"చదివా."

"ఆ లైను కావాలనే ఇవ్వలేదు కదే నువ్వు?"

"కావాలనే."

తిడుతుందనుకున్నాను. తిడితే నాలుగు తిట్టడానికి నేనూ సిద్ధంగానే ఉన్నాను. ఆమె ఆ సంగతి పట్టించుకోనే లేదు.

"పాడు," అంది. "అదే లైను. ఇప్పుడు, నా ముందు."

పొయ్యి దగ్గర, చేతిలో గిన్నెల గుడ్డతో నిలబడి పాడాను. మొదట గొంతు వణికింది, తర్వాత నిలిచింది. ఆమె చేతితొడుగులు మెలిపెడుతూ, నేల చూస్తూ, చివరిదాకా వింది. పత్రికను నాలుగు మడతలు పెట్టి సంచిలోకి తోసింది.

"అంత గొప్పగా ఏం లేదులే," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మేమిద్దరం ఆ వరుస ఊసెత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను. 'అంత గొప్పగా ఏం లేదులే.' ఆమె పాడిన ప్రతి ఆట తర్వాతా, ట్రామ్ ఎక్కకుండా ఒంటరిగా ఇంటికి నడుస్తూ, ముప్పై ఏళ్ళు నేను నాకు చెప్పుకున్న మాట అదే.