నాలుగు రోజుల హాజరు

మా వెనకింటాయన పోయిన గురువారం పొద్దున ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఛాతీ జబ్బు. పత్రికలో నాలుగు పంక్తులు వేశారు. పేరుమోసిన దొంగ అన్నారు, ఎన్నిసార్లు జైలుకు వెళ్లిందీ రాశారు. అందులో అబద్ధమేమీ లేదు, ఒక్క చివరి జైలు సంగతి తప్ప. ఆ ఒక్కటి దిద్దడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ వార్త తెలిసిన పొద్దున మా కార్ఖానా గల్లీ చివరి ఇరానీ హోటల్లో ఒక షావుకారు అందరికీ చాయ్ పోయించాడు. ఆయన దుకాణం తాళం రెండుసార్లు పగిలింది మరి. పీడ వదిలిందన్నాడు. అవునన్నారు అందరూ. ఆ చాయ్ తాగినవాళ్లలోనే ఇద్దరు కప్పులు కింద పెట్టి, తువ్వాళ్లు భుజాన వేసుకుని, పాడె మొయ్యడానికి బయల్దేరారు. ఇది నేను కళ్లారా చూశాను. మా గల్లీకి ఆయన విషయంలో ఎప్పుడూ రెండు మనసులే.

ఆయన మంచివాడని చెప్పడానికి నేను కూర్చోలేదు. నేనేదో రాస్తున్నానని మా ఆవిడ ఎవరితోనో అన్నట్టుంది. మొన్న గోదాము కావలివాడి భార్య మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పంతులూ, ఆయన ముచ్చట రాస్తున్నవంట. నా పెనిమిటి కుడిచెయ్యి ముచ్చట సుత రాయి. పదేండ్ల సంది ఆయనకు బువ్వ నేనే తినిపిస్తున్న. నన్ను ఏడ్వమంటే ఏడుపు రాదు."

రాస్తానమ్మా అన్నాను. రాశాను. గోదాము తాళం విరగ్గొడుతున్నప్పుడు అడ్డొచ్చిన ఆ మనిషిని ఇనుప కడ్డీతో కొట్టింది మా వెనకింటాయనే. ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు.

మేము గుంటూరు వైపు నుంచి మిషన్ బడిలో ఉద్యోగానికి వచ్చినవాళ్లం. ఇల్లు అద్దెకు తీసుకున్న వారానికి గానీ వెనకింట్లో ఎవరున్నారో మాకు తెలియలేదు. తెలిశాక మా ఆవిడ పెట్టెకు ఇంకో తాళం కొనమంది. ఆ తాళం నేను వరండాలో పరీక్షిస్తుంటే గేటు దగ్గర గట్టిగా దగ్గు వినిపించింది. అదీ ఆయన అలవాటు. ఊరందరి ఇళ్లలోకి చప్పుడు కాకుండా దూరే మనిషి, మా గేటు ముందు మాత్రం దగ్గి, రమ్మనేదాకా నిలబడేవాడు. నా చేతిలో తాళం చూసి పెదవి విరిచాడు.

"గిదేం తాళం సార్? పైసల్ దండగ. పెండ్లిల కట్టే కంకణమన్నా గింతకంటె గట్టిగుంటది."

మరుసటి రోజు తనే మంచి తాళం పేరు చెప్పాడు. తన ఇంటికి మాత్రం తాళం ఉండేది కాదు. అడిగితే, "నా ఇంటికెవడొస్తడు సార్, దొంగోడా?" అని నవ్వేవాడు. ఆయనకొక పట్టింపు ఉండేది. మనిషి పని చేసుకు బతికే వస్తువు ముట్టడు. వడ్రంగి ఉలి, కంసాలి కొలిమి, మంగలి పెట్టె ఏనాడూ తీయలేదు. "బంగారం పోతే ఏడుస్తరు సార్. పనిముట్టు పోతే పస్తులుంటరు," అనేవాడు. దొంగ చెప్పే నీతి అని నేను నవ్వుకునేవాణ్ణి. కానీ ఆ మాట నిజమేనని గల్లీ అంతటికీ తెలుసు. నాకూ తెలుసు. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

కేడీల పట్టీలో, అంటే పోలీసులు కన్నేసి ఉంచే పాత నేరస్థుల జాబితాలో పేరున్నవాళ్లు రోజూ దీపాలు పెట్టే వేళకు ఠాణాకు వెళ్లి హాజిరీ ఇవ్వాలి. ఊళ్లోనే ఉన్నానని వేలిముద్ర వేయాలి. జ్వరం వచ్చినా, వాన పడినా ఆయన వెళ్లేవాడు. పోలీసు చర్య రోజుల్లో, భారత యూనియన్ పటాలాలు వస్తున్నాయనగానే, మా దగ్గరి ఠాణాకు తాళం పడింది. ఠాణా పెద్ద అమీన్ సాబు ఎటు పోయాడో, జవాన్లు ఎటు పోయారో తెలియదు. బడులు మూశారు. రజాకార్ల పేరు చెబితే నిన్నటిదాకా వణికినవాళ్లు కొందరు ఆ రోజు నుంచీ ఒళ్లు విరుచుకుని సాయిబుల ఇళ్ల వైపు చూడసాగారు. మా పక్క గల్లీ దర్జీ సాయిబు, నెమ్మదస్తుడు, మా పిల్లల గౌన్లన్నీ కుట్టినవాడు, భయపడి పెళ్లాం పిల్లలతో అల్వాల్‌లో చుట్టాలింటికి వెళ్లిపోయాడు.

మొదటి రోజు పొద్దున్నే మా గేటు దగ్గర దగ్గు.

"సార్, జెర నా హాజిరీ రాసుకోన్రి."

"నేనేమన్నా అమీన్‌నా? బడిపంతుల్ని."

"ఈ గల్లీల హాజిరీ తీసుకునేటోళ్లు ఇద్దరే సార్. ఠాణోళ్లు, మీరు. ఠాణల ఎవ్వడు లేడు. రేపు ఊళ్లె సూది పోయినా నా పేరే ఎత్తుతరు. నేను ఈడనే ఉన్నట్టు ఒక కాయితం మీద ఉండాలె గద."

నవ్వొచ్చింది, జాలీ వేసింది. నిరుటి హాజరు పట్టీ ఒకటి ఇంట్లో ఉంది, వెనక ఖాళీ పుటలతో. గళ్లు గీసి, పేరు రాసి, సిరా దిండు ముందుకు జరిపాను. ఆయన వేలు చాపలేదు.

"ఏలిముద్రలు ఠాణల శాన ఏసిన సార్. ఈడ దస్కత్ జేస్త. నేర్పున్రి."

అలా నాలుగు రోజులు, రోజుకు మూడు పూటలు వచ్చాడు. మధ్యాహ్నం వచ్చాడంటే సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. ఎంతసేపు మీ ఎదురుగుంటే అంత మంచిది అనేవాడు. పేరులో మూడే అక్షరాలు. మధ్య అక్షరం కింద ఒత్తుంది. ఆ ఒత్తు ఎప్పుడూ పక్క అక్షరం కిందికి జారిపోయేది. ఎంత పెద్ద తాళాన్నైనా చప్పుడు వింటూ తెరిచే ఆయన వేళ్లకు కలం పట్టుకుంటే చెమట్లు పట్టేవి. మా ఆవిడ గోంగూర పచ్చడి కలిపి అన్నం పెడితే, "ఏం కారమమ్మా, గిది జైల్ల పెడితే అందరు నేరం ఒప్పుకుంటరు," అని కళ్లు తుడుచుకున్నాడు. ఇంట్లో అందరం నవ్వాం.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన వరండాలో పలక మీద దిద్దుతున్నాడు. పక్క గల్లీలో గోల వినిపించింది, తలుపులు విరుగుతున్న చప్పుడు. పట్టపగలు. కాసేపటికి మా ఆవిడ లోపలినుంచి పిలిచింది. వెళ్లాను. మా బావమరిది, రైల్వే ఉద్యోగం కోసం వచ్చి మా ఇంట్లోనే ఉంటున్న కుర్రాడు, పెరటి తలుపు దగ్గర ఆయాసపడుతున్నాడు. మధ్య గదిలో దర్జీ సాయిబు కుట్టు మిషను ఉంది.

"అందరూ పట్టుకుపోతున్నారు బావా. మనం తేకపోతే ఇంకోడు తెస్తాడు. అక్కకి పనికొస్తుందని..."

నేను వాణ్ణి కొట్టలేదు. తిరిగి పెట్టి రమ్మనలేదు. రేపు చూద్దాం అన్నాను. మా ఆవిడ దాని మీద దుప్పటి కప్పింది. నేను వరండాలోకి వచ్చి, ఆ ఒత్తు ఎక్కడ పెట్టాలో మళ్లీ చూపించాను. ఆయన తల ఎత్తలేదు. పెరటి దారిన వచ్చింది కదా, ఈయనకు తెలియదనుకున్నాను. ఏ ఇంట్లో ఏ వస్తువు ఎటు కదిలిందో చూడకుండా చెప్పగల మనిషి ముందు కూర్చుని, తెలియదనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం ఠాణా తెరిచారన్నారు. ఆయన చివరి సంతకం పెట్టాడు. అడుగున ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టాడు.

"గిది మీదా సార్?"

"అవును. పంతులు సంతకం. తర్వాత పెడతాలే."

నెల తిరక్కుండా పోలీసులు ఆయన్ని పట్టుకున్నారు. దర్జీ ఇల్లు దోచిన నేరం. అల్వాల్ నుంచి తిరిగొచ్చిన దర్జీ సాయిబు, "ఈయన కాదు సాబ్, ఈయన మిషన్ ముట్టడు," అని ఠాణా ముందు నిలబడి చెప్పాడట. ఆ రోజుల్లో సాయిబు మాట ఎవరు వింటారు? చేతులకు బేడీలున్న మా వెనకింటాయన్ని కొత్త అమీన్ మా గుమ్మం దాకా తీసుకొచ్చాడు. ఆ మధ్యాహ్నం ఇక్కడే ఉన్నానంటున్నాడు, నిజమేనా అని అడిగాడు. పట్టీ నా పెట్టెలో ఉంది. నా వెనక గదిలో దుప్పటి కింద మిషను ఉంది. బావమరిదికి ఆ వారమే ఉద్యోగం కాగితం వచ్చింది.

"పొద్దున వచ్చాడండీ. మధ్యాహ్నం సంగతి నాకు తెలియదు," అన్నాను.

ఆయన నా వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నల్లబల్ల మీద తప్పు రాసిన పిల్లవాణ్ణి నేను చూసే చూపులాంటిదే అది.

"అవు సాబ్," అన్నాడు. "సార్ గప్పుడు పండుకున్నడు కావచ్చు."

నేను వెతుక్కోలేకపోయిన సాకు ఆయనే నాకిచ్చి వెళ్లాడు. మూడేళ్లు వేశారు.

ఆ మిషను మీద మా ఆవిడ మూడు క్రిస్‌మస్‌లకు పిల్లల బట్టలు కుట్టింది. నేను నెలనెలా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకరించి రొట్టె తీసుకున్నాను. పొరుగువాడి మీద తప్పు చేసినవాడు ముందు వెళ్లి సమాధానపడి రావాలని అయ్యగారు చెప్పినప్పుడల్లా, పొరుగువాడు జైల్లో ఉన్నాడు కదా, వచ్చాక చూద్దాం అనుకునేవాణ్ణి. ఇంత సిగ్గుమాలిన లెక్క పిల్లలు చేస్తే బెత్తం తీస్తాను.

వచ్చాడు. గేటు దగ్గర దగ్గు వినిపించింది. ఎప్పటి దగ్గే అనుకుని రండి అన్నాను. అది ఆగలేదు. అది రమ్మంటారా అని అడిగే దగ్గు కాదని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మనిషి సగమయ్యాడు.

"ఆ పుస్తకం ఉన్నదా సార్?"

"ఉంది."

"ఉంచున్రి. కోర్టుల దస్కత్ జేస్తనంటే నవ్విన్రు. ఏలు పట్టి ఏలిముద్రనే ఏయించిన్రు. నా దస్కత్ గా ఒక్క పుస్తకంలనే ఉన్నది."

ఆ తర్వాత రెండేళ్లకు పైగా మా వెనకే బతికాడు. ఒక్క తాళం ముట్టలేదు, ముట్టే ఓపికా లేదు. మా ఆవిడ గంజి పంపేది. నేను రోజూ చెబుదామనుకునేవాణ్ణి. క్షమించమని అడగడానికి మంచి సమయం కోసం చూశాను. అలాంటి సమయం రాదని ఇన్నేళ్ల పంతులుకు తెలియకపోయింది.

పోవడానికి మూడు రోజుల ముందు ఆసుపత్రికి వెళ్లాను. ఇవాళ చెప్పేస్తానని దారి పొడవునా అనుకుంటూనే వెళ్లాను. మంచం పక్కన కూర్చుని వాతావరణం గురించి మాట్లాడాను. లేవబోతుంటే ఆయనే అడిగాడు.

"అమ్మ మిషన్‌కు నూనె పోస్తలేదా సార్? నేను ఇంట్ల ఉన్నన్ని దినాలు విన్న. సప్పుడు జెర గరగరొస్తున్నది. పోయమనున్రి, కరాబైతది."

అంతే అన్నాడు. నేను తలూపాను. పోయమంటానని చెప్పి లేచాను.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం మా ఆవిడ తనే దుప్పటి తీసింది. ఇద్దరం మిషన్ని రిక్షాలో పెట్టుకుని పద్మారావు నగర్ వెళ్లాం. దర్జీ సాయిబు అక్కడ ఇంకొకరి కొట్లో, ఇంకొకరి మిషను మీద కుడుతున్నాడు. జరిగినదంతా చెప్పాను. ఆయన చక్రం మీద చెయ్యి వేసి ఒకసారి తిప్పి చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఆయన బతికున్నప్పుడు తెస్తే మంచిగుండె సార్," అన్నాడు.

ఈ వ్యాసం మా బడి మేనేజరుగారు చదువుతారు. మా సంఘంలో అందరూ చదువుతారు. బావమరిదికి ఉత్తరం రాశాను, వాడూ చదువుతాడు. నువ్వు రాయి, ఏమైనా కానీ అంది మా ఆవిడ.

ఇది రాయడానికి ముందు పట్టీ బయటికి తీశాను. మొదటి రోజు సంతకాలు పురుగులు పాకినట్టున్నాయి. మూడో రోజు మధ్యాహ్నానిది కొంచెం కుదురుకుంది. ఆఖరి దాంట్లో ఒత్తు సరిగ్గా తన అక్షరం కిందే నిలబడింది. సిరా గోధుమరంగుకు తిరిగింది. అడుగున పంతులు గడి ఖాళీగానే ఉంది. ఆ గడిలో సంతకం పెట్టాను. పాత తేదీ వేయడానికి చెయ్యి రాలేదు, ఇవాళ్టి తేదీయే వేశాను. ఆయన అక్షరాల కింద నా సిరా ఇంకా తడిగా ఉంది.