శనగచేని పులుపు

పోయిన వానాకాలంలో నాకు ఐదు రోజులు జ్వరం వచ్చింది. ఆరో రోజు జ్వరం దిగింది, దాంతోపాటు నా నోటి రుచీ, ముక్కుకు తెలిసే వాసనా పోయాయి. మొదట పట్టించుకోలేదు. జ్వరపడ్డ నోరు కదా, నాలుగు రోజుల్లో అదే దారికి వస్తుందిలే అనుకున్నాను. నాలుగు రోజులు కాస్తా నాలుగు నెలలైంది. కర్నూలు వెళ్లి డాక్టరుకు చూపించుకుంటే, ఆయన ముక్కులోకి టార్చి వేసి చూసి, వస్తుందమ్మా, ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక అనే వస్తువు పుట్టినప్పటి నుంచీ నా ఒంట్లో లేదు.

నేను తిండిపోతును. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. కోయిలకుంట్ల బడిలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మధ్యాహ్నం గంట కొట్టకముందే ఏ టీచరు క్యారియర్లో ఏముందో కూర్చున్న చోటి నుంచే చెప్పేదాన్ని. అలాంటి నాకు జొన్నరొట్టెకూ అట్టముక్కకూ తేడా తెలియకుండా పోయింది. బతుకు మీదే కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఇంట్లో గిన్నెల మీదా, బడిలో పిల్లల మీదా చూపించాను. అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

చెప్పకపోవడానికి కారణం ఉంది. మా ఊరి చర్చిలో క్రిస్మస్ వెళ్లిన ఆదివారం ప్రేమవిందు పెడతారు. ఆ విందులో మాంసం ఎంత వండినా, శనగాకు పప్పు లేకపోతే విందు జరిగినట్టు కాదు. లేత శనగాకు గిల్లుకొచ్చి కందిపప్పుతో ఉడికించి పప్పుగుత్తితో ఎనుపుతారు. అందులో చింతపండు వేయరు. చలికాలం మంచుకు శనగమొక్కల మీద ఊరే పులుపును గుడ్డలతో పట్టి, పిండి, అదే పోస్తారు. ఎంత పోయాలో చెప్పేది ఒక్క మనిషే. ఆ మనిషి గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని చవి చూసి, చాలు అంటే మూత పడుతుంది. ఆ తర్వాత ఆ గుండిగలో చిటికెడు ఉప్పు వేయడానికి పాస్టరుగారికి కూడా హక్కు లేదు. ఆ పని ఒకప్పుడు మా ఆడబిడ్డ చేసేది. మా ఆయనకు అక్క, నాకు వదిన. ఎనిమిదేళ్ల కిందట ఆమె నన్ను గుండిగ దగ్గరికి పిలిచి, ఇంక నువ్వు చూడు అని గరిటె నా చేతికిచ్చింది. ఉద్యోగం వచ్చిన రోజు కూడా నేనంత పొంగిపోలేదు.

ఇప్పుడు నాలుక చచ్చిపోయిందని చెబితే ఆ గరిటె ఇంకొకరి చేతికి పోతుంది. పోతే మళ్లీ రాదు. దాని మీద కన్నేసిన ఆడవాళ్లు మా సంఘంలో తక్కువలో తక్కువ ముగ్గురున్నారు. వాళ్లలో ఒకామెకు ఉప్పుకూ ఉప్పులేమికీ తేడా తెలియదు. అందుకే నోరు మూసుకున్నాను.

డిసెంబరు వచ్చింది. మా నల్లరేగడి నేలకు ఏడాదిలో కళ వచ్చేది ఈ రెండు నెలలే. ఎండాకాలంలో మా వైపు వచ్చిపోయినవాళ్లు మమ్మల్ని చూసి జాలిపడతారు. వాళ్లను చలికాలంలో తెల్లవారుతుండగా కుందూ ఏటి గట్టు మీద నిలబెట్టాలి. కంటికి ఆనినంత మేర శనగచేలు, వాటి నడుమ మనిషెత్తు జొన్న, కరెంటు తీగ మీద ముడుచుకుని కూర్చున్న పాలపిట్ట, పొగమంచులో నుంచి మెల్లగా పైకి వచ్చే ఎర్రటి సూర్యుడు. అన్నీ కంటికి కనిపిస్తున్నాయి. పచ్చిశనగకాయలు చేలోనే మంటేసి కాలుస్తుంటే చుట్టూ జనం గుమిగూడుతున్నారు. నేనూ వాళ్లలో కూర్చుని, మసి చేతులతో కాయలు ఒలుచుకుని, పోయినేడు ఎలా ఉండేవో గుర్తు చేసుకుంటూ నమిలాను.

ఆ ఏడే మా చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన భార్య భీమిలి అమ్మాయి, సముద్రం చూస్తూ పెరిగింది. వచ్చిన మొదటి నెలంతా, ఇక్కడ రాళ్లు తప్ప ఏం దొరుకుతాయి అన్నట్టు మొహం పెట్టుకుని తిరిగింది. చేపలు లేవని దిగులు, గాలిలో తడి లేదని దిగులు. నాకు ఒళ్లు మండింది. ఈమెను ఎలాగైనా గెలిచి తీరాలని రోజుకొకటి పట్టుకెళ్లడం మొదలుపెట్టాను. రేగుపళ్లు, కాల్చిన శనగకాయలు, కొర్రన్నంలోకి వేరుశనక్కాయల పొడి, పుండికూర ఊరుబిండి, అంటే గోంగూర రోటిపచ్చడి. ఆమె తింటుంటే ఎదురుగా కూర్చుని, ఎలా ఉంది, ఇంకా ఎలా ఉంది అని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఆమె దాన్ని నా ప్రేమ అనుకుంది. నిజానికి ఆమె నోటితో నేను తింటున్నాను.

విందు ఇంకా ఐదు రోజులుందనగా వదిన చేలో గుడ్డలు పరిచాం. సాయంత్రం పలచటి పాత పంచెలు మొక్కల మీద కప్పి, పొద్దు పొడవకముందే వెళ్లి పిండుకోవాలి. గుడ్డ ఎంత పాతదైతే అంత మంచిది. దానికి సబ్బు తగలకూడదు, గంజి తగలకూడదు. పిండిన పులుపును గాజు సీసాలోనే పోయాలి, సత్తుగిన్నెలో పోస్తే గిన్నెనే తినేస్తుంది. ఈ గుడ్డలు మా ఇంట్లోనే ఉంటాయి, ట్రంకుపెట్టెలో. నేనే తీసి, నేనే పరిచాను.

తెల్లారి వదిన, నేను, చూస్తానని మా వెంట వచ్చిన పాస్టరమ్మ, ముగ్గురం చేలోకి దిగాం. గుడ్డలు చల్లగా, బరువుగా ఉన్నాయి. ముందు నేను పిండాను. సీసా సగం నిండింది. పాస్టరమ్మ సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, మొహమాటంగా, చీరల పెట్టె వాసన వస్తోందండీ అంది. వదిన సీసా లాక్కుని వాసన చూసి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. నేను ఆ గుడ్డలతో పాటు పెట్టెలో కలరా ఉండలు వేసి పెట్టాను. సెప్టెంబరులో పట్టుచీరకు చిమ్మట పట్టిందని గుప్పెడు వేసి, గుడ్డల సంగతే మరిచిపోయాను. తీసినప్పుడు గానీ, పరిచినప్పుడు గానీ, ఆ ఘాటు నా ముక్కుకు తగల్లేదు. ఆ గుడ్డలతో పులుపు పట్టేంత తెలివితక్కువ పని మా ఊళ్లో పదేళ్ల పిల్ల కూడా చేయదు.

వదిన సీసాను గట్టు మీద వంచేసింది. పాస్టరమ్మను గుడ్డలు కాలవలో జాడించుకు రమ్మని పంపి నా వైపు తిరిగింది.

"ఎన్నాళ్లాయ?" అంది.

"వానకాలం జరమొచ్చినప్పట్నుంచి, వొదినా. రుచీ లేదు, వాసనా లేదు."

ఓదారుస్తుందేమో అనుకున్నాను. వదినకు అలాంటి అలవాటు లేదు. "ఇంగా నాలుగు పొద్దులుండాయి," అంది. "ఆదివారం లోపల నాలిక రాకపోతే గుండిగ కాడ నువ్వే చెప్పల్ల. నేను చెప్పను. నిన్ను కాపాడేదానికి అబద్ధమూ ఆడను."

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, మండిపోయింది. చెప్పులు గట్టు మీద విసిరేసి చేలోకి నడిచాను. నా మడమలు చలికి బాగా పగిలి ఉన్నాయి. శనగాకు మీది తడి ఆ పగుళ్లలోకి దిగగానే నిప్పు పెట్టినట్టయింది. ఎగిరి గంతేశాను. వదిన నవ్వింది. ఈ ఏడు పులుపు బాగానే పట్టిందని, నోటికి తెలియకపోతే కాళ్లకైనా తెలిసిందని అంది.

కాలవలో జాడించి, సాయంత్రం దాకా ఎండకేసినా ఆ గుడ్డలకు వాసన పోలేదట. వదిన తన పెట్టెలో నుంచి వాళ్లాయన పాత పంచె తీసిచ్చింది. చనిపోయిన మనిషి పంచె, ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వదు. దాన్నే పరిచాం. రోజూ పొద్దున్నే ఒట్టి కాళ్లతో నడవడం, పిండడం, ఒక చుక్క నాలుక మీద వేసుకోవడం. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజూ ఏమీ లేదు. నేను దేవుణ్ణి అడిగాను, కాస్త గట్టిగానే అడిగాను. నాలుగో రోజు, శనివారం, చుక్క వేసుకుని మింగబోతుంటే నాలుక రెండు పక్కలా సన్నగా జివ్వుమంది. చలి అనుకున్నాను. ఇంకో చుక్క వేసుకున్నాను. దవడలు లాగాయి, కళ్లు వాటంతటవే మూసుకున్నాయి, నోరంతా నీళ్లూరింది. పులుపు! ఒట్టి పులుపు కాదు, చివర్లో కాస్త ఉప్పదనం, దాని వెనక పచ్చి ఆకు వగరు.

అక్కడే గనిమ గట్టు మీద చతికిలబడి, చేతికందిన శనగకాయ తెంపి నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది. ఇంకోటి తెంపాను. పక్కన రేగుచెట్టు కింద రాలిన కాయలు మట్టితో సహా తిన్నాను. సూర్యుడు పైకి వచ్చాడు, పొగమంచు విడిపోయింది, ఎదురుగా చేలన్నీ మెరుస్తున్నాయి. ఈ నేలంతా నాదే అనిపించింది, పట్టాలు ఎవరి పేరున ఉన్నా సరే. వదిన నేను తినే తీరు చూసి సీసాకు మూత బిగించి ఇంటిదారి పట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గుండిగ చుట్టూ జనం చేరారు. వంట పెద్ద మా సంఘంలో అందరికన్నా వయసైనాయన, ఊరందరికీ మామ. సీసాలో సగం పోసి, గరిటెతో నా అరచేతిలో చుక్క వేశాడు. అందరూ నా మొహమే చూస్తున్నారు. నిన్నటి రుచి నిన్ననే పోయి ఉంటే? కళ్లు మూసుకుని చవి చూశాను. పప్పు తెలిసింది, కారం తెలిసింది, వెల్లుల్లి ఎక్కడో దూరంగా తెలిసింది. పులుపు చాలలేదు.

ఇంకో గ్లాసు పోయమన్నాను. మామ ఒప్పుకోలేదు. ఏటా పోసేది ఇంతేనని, ఎక్కువైతే మూడు వందల మంది నోళ్లు పొక్కుతాయని గొణుగుతూ, పాత అలవాటు కొద్దీ వదిన వైపు చూశాడు. వదిన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె నన్ను చూసింది. అబద్ధమాడనని నాతో చెప్పిన మనిషి.

"ఆయమ్మ చెప్పినంత పొయ్యి, మామా," అంది. "ఆ నాలిక ఇప్పుడు నా నాలిక కంటే మేలుగా ఉండాది."

మామ పోశాడు. కలిపాడు. మళ్లీ అరచేతిలో చుక్క. ఈసారి దవడలు సరిగ్గా ఎంత లాగాలో అంతే లాగాయి. చాలన్నాను. మూత పడింది.

ఆ మధ్యాహ్నం పాస్టరమ్మ విస్తరి ముందు కూర్చుని పప్పూ జొన్నరొట్టే తింటూ, నాలుగుసార్లు వడ్డించుకుంది. సముద్రం ఊసే ఎత్తలేదు. మామ నన్ను చూసి తల పంకించి, మీసం తుడుచుకుని, పప్పు కోసం మళ్లీ వరసలో నిలబడ్డాడు. వడ్డించేవాళ్లందరూ తిన్నాక చివరి వరసలో నేను కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాను. మింగాలనిపించలేదు. తర్వాత రెండో విస్తరి, మూడో విస్తరి. నాలుగోసారి వడ్డించబోతే గరిటె గుండిగ అడుగుకు తగిలి మోగింది. పప్పు అయిపోయింది. నాకు ఇంకా ఆకలిగానే ఉంది.