ఆదరణ కూడికలో టీ

ఆదరణ కూడిక అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చావు జరిగిన ఇంట్లో సంఘమంతా చేరి, పాటలు పాడి, వాక్యం చెప్పి, ఇంటివాళ్ళను ఓదార్చే కూడిక అది. మా ఇంట్లో మాత్రం మా అమ్మే వాళ్ళందరికీ మర్యాదలు చేసింది.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి రాయపూర్ వచ్చిన మిషన్ సువార్తికుడు. ఆరంగ్ అవతలి పల్లెలకు బస్సెక్కి వెళ్ళి వాక్యం చెప్పేవాడు. డబ్ల్యూఆర్ఎస్ అనే రైల్వే కాలనీ పక్కన రెండు గదుల అద్దె ఇల్లు మాది. నాకు పదేళ్ళప్పుడు మా తమ్ముడు మెదడువాపు జ్వరంతో పోయాడు. వాడికి మూడేళ్ళు. చెప్పులు ఎప్పుడూ కుడి ఎడమలు మార్చి వేసుకునేవాడు. సరిచేస్తే ఏడ్చేవాడు.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం నుంచే సంఘపెద్దలు అమ్మకు బుద్ధులు చెప్పడం మొదలుపెట్టారు. బాబు ప్రభువు దగ్గరున్నాడట, ఏడిస్తే అవిశ్వాసమట, చుట్టూ ఉన్న అన్యమతస్థులు చూస్తున్నారట, వాళ్ళ ముందు మన సాక్ష్యం చెడిపోతుందట. కన్నది ఆవిడ, కడుపుకోత ఆవిడది, ఎలా ఉండాలో చెప్పేది వీళ్ళు! నాన్న నోరెత్తలేదు. ఆయన ఉద్యోగం ఆ పెద్దల చేతుల్లో ఉంది. అమ్మ కళ్ళు తుడుచుకుని వంటగదిలోకి వెళ్ళింది.

మూడో రోజు కూడిక. ముందుగది నిండి జనం వసారాలో కూర్చున్నారు. దేవేంద్ర నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చిన సంఘపెద్ద ఒకాయన వంటగదిలోకి తొంగిచూసి, "సిస్టర్, చాయ్ అవుతోందా? నాకు జరా చీనీ తక్కువ" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. అమ్మ స్టవ్‌కు పంపు కొడుతూ "అవుతోందండీ" అంది. ఆయన వెనక్కెళ్ళి, "చూశారా, ఒక్క కన్నీటి చుక్క లేదు. విశ్వాసమంటే అదీ!" అని అందరికీ చెప్పాడు. దేవుడి మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. ఆయన టీ అడగలేదు.

అప్పుడే పెరటి గుమ్మంలోంచి పక్కింటి అత్త అన్నం గిన్నెతో వచ్చింది. శ్రీకాకుళం మనిషి, భర్త రైల్వేలో ఫిట్టరు.

"ఏటిది? పిల్లడు పోయిన ఇంట పొయ్యెలిగించమన్నదెవులు?" అంటూ స్టవ్ ఆర్పేసింది. అమ్మ చేతిలోని గరిటె లాక్కుంది. "నువ్వు కూకో. ఏడువమ్మా, ఏడు. నానున్నాను."

అమ్మ ఏడ్చింది. ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. ముందుగదిలో పాట క్షణం ఆగింది. తర్వాత అమ్మ గొంతు వినపడకుండా డోలక్‌తో సహా మరింత గట్టిగా ఎత్తుకున్నారు. ఆ ఒక్కటి మాత్రం నేనింతవరకూ క్షమించలేదు. ఆ పెద్దాయన మళ్ళీ వచ్చి, "సిస్టర్, రోడ్డు దాకా వినిపిస్తోంది" అన్నాడు.

వెనకే నాన్న వచ్చాడు. అమ్మ నోరు మూయిస్తాడేమోనని నేను అడ్డంగా నిలబడ్డాను. నాన్న ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్ళి, అందరితో అన్నాడు:

"టీ లేదండీ. పాటలు చాలు. ఇళ్ళకెళ్ళండి, మా పిల్లాడి కోసం మేం ఏడ్చుకోవాలి."

జనం గొణుక్కుంటూ లేచి వసారాలో చెప్పులు వెతుక్కున్నారు. అందరూ వెళ్ళాక వాళ్ళ చెప్పుల కింద నలిగిన తమ్ముడి చెప్పులు కనబడ్డాయి, కుడి ఎడమలు మారి. నాన్న వంగి సరిచేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, అక్కడే కూలబడి ఏడ్చాడు.