ముందు తన మెడ చాపిన మనిషి

మా చిన్నాయన పోయాడని నాన్న రాసిన కార్డు కడపలో నేనుండే హాస్టలుకు వచ్చింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. చదివాక నాకు ముందుగా ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఆయన మంచితనం మాత్రమే చెప్పి ఆ సిగ్గు సంగతి దాచిపెడితే ఆయనకు రెండోసారి అన్యాయం చేసినట్టే. అందుకే రెండూ రాస్తున్నాను.

చిన్నాయన బర్మా యుద్ధానికి పోయి వచ్చిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదిలో ఉండేవాడు. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆయన చేతులు వణికేవి. గోడకు వీపు ఆనించి తప్ప కూర్చునేవాడు కాదు. పెళ్ళి ఊరేగింపులో ఔట్లు పేలితే గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. అమ్మ ఆయనకు ఎప్పుడూ సగం గ్లాసు నీళ్ళే ఇచ్చేది. నిండా పోస్తే చొక్కా మీద ఒలుకుతాయని. ఎందుకని ఆయన అడగలేదు, ఎందుకో అమ్మ చెప్పలేదు.

ఒకసారి జమ్మలమడుగు బస్సులో ఆయనకు ఒక దర్జీ కనిపించాడు. అతనూ బర్మాకు పోయి వచ్చినవాడే. మాసిన గడ్డంతో, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాడట. చిన్నాయన అతనితోపాటు వాళ్ళింటికి పోయి, గడ్డం గీసి వచ్చాడు. అప్పటినుంచి ఆదివారాలు అదే పని. సబ్బు, మడతకత్తి, దాన్ని నూరే పలక ఒక ఖాకీ సంచిలో వేసుకుని, యుద్ధంనుంచి వచ్చి ఇల్లు కదలకుండా కూర్చున్నవాళ్ళను వెతుక్కుంటూ పోయేవాడు. "గడ్డం గీసేటప్పుడు మనిషి కదలకుండా కూచోవాల పాపా. కదలకుండా కూచుంటే మాట దానంతటదే బయటికొస్తాది" అనేవాడు.

ఒక వేసవి సెలవుల్లో నన్ను పులివెందుల తీసుకుపోయాడు. ఊరి చివర ఒక రైతు ఇల్లు. యుద్ధంనుంచి వచ్చిన ఆ రైతు చీకటి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మూడు నెలలాయ అన్నా, ఎవుర్నీ దగ్గరికి రానీడు. నన్ను గూడా" అంది ఆయన భార్య.

 చిన్నాయన నేల మీద కూర్చుని, తన చెంపలకే సబ్బు రాసుకుని, కత్తి తెరిచి పిడి ఆయనవైపు పెట్టాడు.

"ముందు నువ్వు నాకు గియ్యప్పా."

"నా చెయ్యి వణుకుతాది."

"నాదీ వణుకుతాది. అందుకే వచ్చినా."

"తెగితే?"

"తెగితే తెగుతాది. అంత దూరం పోయి బతికొచ్చినోన్ని, పులివెందల్లో సచ్చిపోతానా?"

ఆయన నవ్వాడో, దగ్గాడో నాకు తెలియలేదు. కత్తి మాత్రం తీసుకున్నాడు. చిన్నాయన తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, మెడ చాపాడు. నేను నీళ్ళగిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. గొంతు పక్కన చిన్న గాటు పడింది. "అంతే కదా" అన్నాడు చిన్నాయన. తర్వాత కత్తి తను తీసుకుని ఆయనకు గీశాడు. ఆ సేపంతా చిన్నాయన చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.

అలా గీసి ఇంటికొచ్చిన రోజు మాత్రం ఆయన సంగటి ముట్టేవాడు కాదు. ఆ కత్తినే చాలాసేపు కడుగుతూ ఉండేవాడు. అమ్మ కసిరేది.

"ఇంగొకరి బరువంతా నెత్తికెత్తుకోనొస్తాండావు. ఇదేం పనప్పా నీకు?"

"దించుకునేదానికే పోతాండా వదినా."

రెండూ నిజమే అనుకుంటాను. మర్నాటికి తేరుకునేవాడు. ఎప్పటినుంచో గుర్తులేదు, అమ్మ ఆయనకు గ్లాసు నిండా నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

నేను కాన్వెంటులో ఆఖరి తరగతిలో ఉండగా, ఒక ఆదివారం నా స్నేహితురాలు వాళ్ళ నాన్నతో మా ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న పెద్ద ఉద్యోగి. మా అరుగు మీద చిన్నాయన జమ్మలమడుగు దర్జీకి గడ్డం గీస్తున్నాడు. బనీను మీద ఉన్నాడు, భుజాన తడి గుడ్డ. స్నేహితురాలు అటు చూసి, "ఆయన ఎవరు?" అంది.

"గడ్డాలు గీసే ఆయన. ఆదివారం ఆదివారం వస్తాడు" అన్నాను.

నేను నెమ్మదిగానే అన్నాను. కానీ అరుగు ఎంత దూరం? కత్తి దర్జీ చెంప మీద ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. చిన్నాయన ఆ గడ్డం పూర్తిగా గీసి, తుడిచి, సంచి సర్దుకుని వెనక దారిన లోపలికి వచ్చాడు.

గడ్డం గీయడం తక్కువ పని అని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. నాకు నేనే నేర్చుకున్నాను. దాన్ని తక్కువనుకోవడమే నా తప్పు. వాళ్ళు వెళ్ళాక ఆ తప్పు ఒప్పుకోకుండా ఇంకొకటి చేశాను.

"చిన్నాయనా, ఇంక ఆ పని మానెయ్. బడిలో తెలిస్తే నేను మళ్ళీ అక్కడికి పోలేను" అన్నాను.

నా చదువంటే ఆయనకు ప్రాణం. అది తెలిసే అన్నాను.

"సరేలే పాపా" అన్నాడు.

ఖాకీ సంచి చిలక్కొయ్యకు ఎక్కింది. ఆయన ఆరోగ్యానికీ ఇదే మంచిదని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మా అదే అంది. నేను కడపలో చదువుకు చేరి దసరా సెలవులకు వచ్చేసరికి ఆయన మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సగం గ్లాసు. నేను చూశాను. చూసి, చేతిలో పుస్తకం పేజీ తిప్పాను. ఆ తర్వాత రెండేళ్ళు సెలవులకు వచ్చినప్పుడల్లా ఈసారి చెబుదామనుకునేదాన్ని. "మళ్ళీ పో చిన్నాయనా" అని మూడు మాటలు. ఒకసారి ఉత్తరం కూడా రాశాను. అది ఇప్పటికీ నా నిఘంటువులో మడతపెట్టి ఉంది.

చిన్నాయన పోయిన పదకొండో రోజు, పెద్దదినం నాడు, జమ్మలమడుగు దర్జీ వచ్చాడు. ఆయన వెనకే పులివెందుల రైతు. ఇద్దరికీ మా ఇంటి మగవాళ్ళలాగే పది రోజుల గడ్డం. ఇంట్లో మగవాళ్ళ క్షవరాలు అయిపోయాయి. వీళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని ఆ ఖాకీ సంచి అడిగారు. నేనే తీసి ఇచ్చాను.

"ఆ పొద్దు నువ్వన్న మాట నాకూ ఇనపడింది అమ్మీ" అన్నాడు దర్జీ.

సంచి విప్పి సబ్బు రైతు చేతికిచ్చాడు.

"అన్నకు కోపం రాలే. పాప సిగ్గుపడతాంది, ఆ సిగ్గు పోయినంక మల్లా మొదలుపెడతాలే అన్యాడు. మేమూ ఎదురుచూస్తానే ఉన్నాం."

రైతు సబ్బు రాసుకుని కత్తి దర్జీ చేతికిచ్చి, తల వెనక్కి వాల్చాడు. గొంతు పక్కన పాత గాటు లాంటిది కనిపిస్తుందేమోనని చూశాను. ఆ గాటు పడింది ఆయనకు కాదు, చిన్నాయనకని తర్వాత గుర్తొచ్చింది.

"నీళ్ళు" అన్నాడు దర్జీ.

లోపలికి పోయి గిన్నె నిండా నీళ్ళు తెచ్చాను. వీధిలో జనం పోతున్నారు, తెలిసినవాళ్ళే. గడప దాటేటప్పటికి నా చేతులు వణికాయి. నల్ల నాపరాతి మీద గడప నుంచి అరుగు చివరి దాకా చుక్కలు చుక్కలుగా నీళ్ళు పడ్డాయి. దర్జీ ఆ చుక్కలు చూశాడు, నా చేతులు చూశాడు, గిన్నె అందుకున్నాడు. వాళ్ళ పని అయ్యేదాకా నేను పక్కనే నిలబడ్డాను. ఎండకు ఆ చుక్కలు అంచులనుంచి లోపలికి ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చాయి.